తుంటి ఆపరేషన్ అయ్యి యూరిన్ పైపుతో ఇంటికొచ్చిన పెద్దవాళ్ళను చూసుకోవడం ఎలా?

"మా అత్తగారు బాత్‌రూమ్‌లో జారి పడ్డారండి. తుంటికి ఆపరేషన్ చేశారు, పైపుతోనే ఇంటికి పంపేశారు. ఇప్పుడు మేమేం చెయ్యాలి?" అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు నుంచి నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. వార్డులో నర్సులు చెబుతారు గానీ, బిల్లు కట్టే హడావుడిలో, కారు మాట్లాడుకునే గొడవలో ఆ మాటలు ఎవరి చెవికీ ఎక్కవు.

విరిగిన ఎముక పని సర్జన్ చేసేశారు. ఇంటికొచ్చాక మనిషిని మళ్ళీ ఆసుపత్రి పాలు చేసేది చాలాసార్లు ఎముక కాదు, మూత్రం దగ్గర జరిగే పొరపాట్లే. లేవడం కష్టమని పెద్దావిడ నీళ్ళు తాగడం తగ్గిస్తారు. దాంతో విరేచనం బిగుస్తుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరుతుంది, జ్వరం వస్తుంది, మనిషి మంచం దిగనంటుంది. దిగకపోతే వీపు మీద పుండు, కాలిలో రక్తం గడ్డ. అందుకే పైపు పని ఒకరిది, కాలు పని ఇంకొకరిది అని పంచుకోవద్దు. రెండూ ఒకే పని.

## 1. డిశ్చార్జికి ముందు అడిగి రాయించుకోవాల్సినవి

కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వద్దు.

- తుంటికి బాల్ (విరిగిన ఎముక తల తీసి పెట్టే కృత్రిమ బంతి) వేశారా, రాడ్డు (విరిగిన ముక్కలను కలిపి ఉంచే లోహపు కడ్డీ) వేశారా? జాగ్రత్తలు వేరు.
- ఆపరేషన్ కాలి మీద పూర్తి బరువు మోపవచ్చా, కొంచెమా, అసలు వద్దా?
- యూరిన్ పైపు ఎందుకు ఉంచారు? ఏ తేదీన తీస్తారు లేదా మారుస్తారు?
- పైపు రబ్బరుదా, సిలికాన్‌దా?
- రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ లేదా మాత్ర ఎన్ని రోజులు?
- రోజుకు ఎన్ని నీళ్ళు తాగవచ్చు? గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఇది తప్పక అడగాలి.
- కుట్లు ఎప్పుడు తీస్తారు?

వీటిలో మూడో ప్రశ్న ముఖ్యం. తుంటి ఆపరేషన్‌కి వేసిన పైపు మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తీసేయవచ్చు. ప్రోస్టేట్ (మగవాళ్ళలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాపు వల్లనో, మూత్రం ఆగిపోయినందువల్లనో ఉంచితే అది వేరే సంగతి. "మీకు సుళువుగా ఉంటుందని ఉంచాం" అన్నారంటే, తీసేయమని మర్యాదగానే గట్టిగా అడగండి. పైపు లోపల ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతూ పోతుంది.

## 2. మనిషి రాకముందే గది సిద్ధం

నులక మంచం, నవారు మంచం తీసి పక్కన పెట్టండి. నడుం కిందికి దిగిపోతే తుంటి మడత పడుతుంది, లేపడమూ కష్టం. గట్టి చెక్క మంచం మీద మన కొబ్బరి పీచు పరుపు, దాని పైన మెత్తటి పరుపు చాలు. మనిషి సొంతంగా కదలలేకపోతే గాలి పరుపు కొనండి. అయితే అది ఉంది కదా అని పక్క తిప్పడం మానకండి.

మంచం ఎత్తు చూసుకోండి. అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, మోకాళ్ళు తుంటి కంటే కిందుండాలి.

కావాల్సినవి: చేతులున్న ఎత్తు కుర్చీ, కమోడ్ కుర్చీ, వాకర్, గట్టి దిండ్లు నాలుగు, మెత్తని పాత నూలు చీరలు, కొలత గీతలున్న మగ్గు, ఒక అదనపు యూరిన్ బ్యాగ్, చేతులు కడుక్కునే సబ్బు మంచం దగ్గరే. సబ్బు దూరంగా ఉంటే ఎవరూ కడుక్కోరు. ఎన్నో ఇళ్ళలో చూసే చెబుతున్నాను.

నేల మీద కూర్చునే మరుగుదొడ్డి, పీట మీద భోజనం ఇప్పట్లో వద్దు.

## 3. యూరిన్ పైపు: రోజూ చెయ్యాల్సిన పని

ఉదయం స్నానం వేళ

1. చేతులు సబ్బుతో కడుక్కోండి.
2. పైపు శరీరంలోకి వెళ్ళే చోట సబ్బు, శుభ్రమైన నీళ్ళతో మెత్తగా కడగండి. ఆడవాళ్ళకు ముందు నుంచి వెనక్కి మాత్రమే.
3. మగవాళ్ళకు ముందు చర్మం వెనక్కి జరిపి కడిగి, తిరిగి ముందుకు లాగెయ్యాలి. మర్చిపోతే అక్కడే బిగుసుకుని వాచిపోతుంది.
4. పైపును శరీరం దగ్గర పట్టుకుని, బయటివైపుకు నాలుగు వేళ్ళ మేర తుడవండి. లోపలికి తుడవకూడదు, లాగకూడదు.
5. పొడి గుడ్డతో అద్దండి.

డెట్టాల్ వద్దు, పౌడర్ అసలే వద్దు. చెమటకి పౌడర్ ముద్దకట్టి చర్మాన్ని ఒరిపిస్తుంది. రోజూ యాంటీసెప్టిక్ పూస్తే లాభం లేదు, చర్మం మండుతుంది.

పైపును తొడకు అంటించడం

తొడ మీద ప్లాస్టర్‌తో గానీ పట్టీతో గానీ పైపును బిగించండి. కాలు చాపినా లాగకుండా కొంచెం వదులుండాలి. ప్లాస్టర్ చోటు రోజుకొకటి మార్చండి. బిగించకుండా వదిలేస్తే పక్క తిప్పినప్పుడల్లా, పైపు జారిపోకుండా లోపల ఉబ్బించి ఉంచిన బెలూన్ మూత్రాశయం మెడను గుంజుతుంది. రక్తం చాలాసార్లు అలాగే పడుతుంది.

బ్యాగ్ ఎక్కడ ఉండాలి

ఎప్పుడూ పొత్తికడుపు కంటే కింద, నేలకు తగలకుండా. మంచం పట్టెకు కొక్కెం తగిలించి వేలాడదీయండి. ఇక్కడ జరిగే తప్పు దాదాపు అందరిదీ: ఆటో ఎక్కించేటప్పుడు ఒకరు మనిషిని పట్టుకుంటే, ఇంకొకరు బ్యాగ్‌ను సెలైన్ సీసాలా పైకెత్తి పట్టుకుంటారు. పాత మూత్రం అంతా వెనక్కి, మూత్రాశయంలోకి పోతుంది. బ్యాగ్ ఖాళీ చేసి, ఎక్కించేవాళ్ళ మోకాలి ఎత్తులో పట్టుకోండి. మనిషి ఒళ్ళో కూడా పెట్టకూడదు.

ఖాళీ చెయ్యడం

బ్యాగ్ మూడింట రెండొంతులు నిండగానే ఖాళీ చెయ్యండి. కింది కుళాయి మగ్గు అంచుకు, నేలకు తగలకూడదు. పోసేముందు కొలత చూసి గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రాయండి. 50 కిలోల మనిషికి గంటకు కనీసం 25 మిల్లీలీటర్లు, అంటే రోజుకు 600 అయినా రావాలి. 1200 నుంచి 1500 వస్తే నిశ్చింతగా ఉండవచ్చు. 600 కంటే తగ్గిందంటే తాగేది చాలడం లేదు, లేదా పైపు ఎక్కడో ఆగింది.

బ్యాగ్‌ను వారానికోసారి, లేదా కారినప్పుడు, లోపల మడ్డి పట్టినప్పుడు మార్చండి. ఊరికే ఊడదీసి తగిలించడం వద్దు. ఆ కలిసే చోటును విప్పిన ప్రతిసారీ క్రిములకు తలుపు తీసినట్టే. మార్చేటప్పుడు చేతులు కడిగి, స్పిరిట్ దూదితో ఆ చోటు తుడిచి, పైపు కొసను వేళ్ళతో తాకకుండా కొత్తది తగిలించండి.

పైపును ఎప్పుడు మార్చాలో డాక్టరు చెప్పిన తేదీయే ప్రమాణం. మామూలు రబ్బరు పైపుకు సుమారు 2 నుంచి 4 వారాలు, సిలికాన్‌కు 12 వారాల దాకా ఆగుతారు. తేదీని బ్యాగ్ మీద మార్కర్‌తో రాసి పెట్టండి.

## 4. పైపు మొరాయిస్తే

నాలుగు గంటలుగా చుక్క రాలేదు. పైపు ఎక్కడైనా మడత పడిందా, మనిషి కాలి కింద నలిగిందా చూడండి. బ్యాగ్ ఎత్తులో ఉందా? విరేచనం అయి ఎన్ని రోజులైంది? పేగు నిండి గట్టిపడితే మూత్రాశయం దారిని నొక్కేస్తుంది. పక్కకు తిప్పి చూడండి. అయినా రాక, పొత్తికడుపు ఉబ్బి నొప్పి పెడితే అదే గంటలో ఆసుపత్రికి బయల్దేరండి. సిరంజితో మీరే నీళ్ళు కొట్టకండి.

పైపు పక్క నుంచి కారుతోంది. పెద్ద పైపు వేయిస్తే ఆగుతుందనుకోవడం తప్పు. సాధారణంగా కారణం మలబద్ధకం, మడత, లేదా మూత్రాశయం ఉన్నట్టుండి బిగుసుకోవడం. ముందు ఇవి చూడండి.

పైపు లాగేసుకున్నారు. అయోమయంలో ఉన్న పెద్దవాళ్ళు చేసే పని ఇది. బెలూన్ ఉబ్బి ఉండగానే బయటికొస్తే లోపల చిట్లి రక్తం పడుతుంది. మళ్ళీ తోయకండి. శుభ్రమైన గుడ్డ పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఊడిన పైపును కూడా పట్టుకెళ్ళండి, కొస తెగి లోపల ఉండిపోయిందేమో వాళ్ళు చూస్తారు.

మూత్రం మబ్బుగా ఉంది, వాసన వస్తోంది. ఇది ఒక్కటే ఉంటే మందు వద్దు, ముందు నీళ్ళు పెంచండి. నెల దాటిన పైపులో క్రిములు లేనివాళ్ళు దాదాపు ఉండరు. జ్వరం, చలి, కింది కడుపులో నొప్పి, ఉన్నట్టుండి అయోమయం తోడైతేనే అది వైద్యం చెయ్యాల్సిన ఇన్ఫెక్షన్. పరీక్షలో చీము కణాలు కనబడ్డాయని ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు రాసిచ్చే యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు వాడితే, నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచెయ్యదు. పరీక్షకు మూత్రం బ్యాగ్‌లోంచి పట్టకూడదు. నర్సు చేత పైపు నుంచే తీయించండి.

## 5. పక్క తిప్పడం

సొంతంగా కదలలేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలి. కుర్చీలో ఉంటే అరగంటకోసారి బరువు మార్చాలి. నిద్ర చెడుతుందని రాత్రుళ్ళు మానేసేవాళ్ళే ఎక్కువ. పుండు మొదలయ్యేది ఆ రాత్రుళ్ళలోనే. ఇద్దరుంటే వంతులు వేసుకోండి.

1. బ్యాగ్ ఖాళీ చేసి, ఏ పక్కకు తిప్పుతున్నారో ఆ పక్క మంచం పట్టెకు మార్చండి. ఇది మర్చిపోతే పైపు గుంజుకుపోతుంది.
2. నడుం కింద నూలు చీరను నాలుగు మడతలుగా పరిచి ఉంచండి. చెరో కొస పట్టుకుని ఎత్తి జరపండి. ఈడ్చకండి. ఈడిస్తే చర్మం ఒకవైపు, కండ ఒకవైపు సాగి లోపల్నుంచి చిరుగుతుంది.
3. రెండు కాళ్ళ మధ్య గట్టి దిండు. బాల్ వేసినవాళ్ళకు ఇది తప్పనిసరి.
4. భుజం, నడుం, కాలు ఒకేసారి తిరగాలి, నడుం మెలిపడకూడదు.
5. పూర్తిగా పక్కకు కాకుండా, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాల్చండి. నేరుగా తుంటి ఎముక మీద బరువు పడదు. ఆపరేషన్ పక్క మీద పడుకోవచ్చో లేదో సర్జన్‌ను అడగండి.
6. మడమలు పరుపుకు తగలకూడదు. పిక్కల కింద దిండు పెట్టి మడమలను గాలిలో తేల్చండి.

తిప్పిన ప్రతిసారీ నడుం కింది ఎముక, తుంటి, మడమలు చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఇంకా ప్రమాదం లేదు. నొక్కినా రంగు మారకపోతే అది బెడ్‌సోర్ మొదటి మెట్టు. మన నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదు. అందుకే చేత్తో తడమండి: చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా, ఊదారంగుగా ఉందంటే ఆ పక్క పడుకోబెట్టడం ఆపెయ్యాలి.

ఎర్రబడిన చోట నూనె వేసి రుద్దడం మన దగ్గర అలవాటు. మానండి. లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది. రంధ్రం ఉన్న రింగు దిండ్లు కూడా వద్దు, చుట్టూ రక్తం ఆగిపోతుంది. ఎండాకాలంలో మన ఉక్కకు రెండు పూటలా దుప్పటి మార్చాలి. కింద ప్లాస్టిక్ షీటు వేస్తే దాని మీద మందపాటి నూలు గుడ్డ ఉండాలి.

## 6. నీళ్ళు, తిండి, విరేచనం

డాక్టరు వద్దనకపోతే రోజంతా కలిపి ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు. ఒక్కసారి చెంబెడు ఇస్తే తాగరు. గంటకో అర గ్లాసు అందించండి. మజ్జిగ, గంజి, బార్లీ నీళ్ళు అన్నీ లెక్కలోకే వస్తాయి. కొబ్బరినీళ్ళు మనకు పెరట్లోనే దొరుకుతాయి, కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు అందులోని పొటాషియం ప్రమాదం. వాళ్ళకు అడగకుండా ఇవ్వకండి.

ఇక పథ్యం. "పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు వేడి, చేప వద్దు" అని కారం పొడి, చారన్నంతో నెల గడిపిస్తారు. పుండు మానాలన్నా, కండ నిలవాలన్నా కావాల్సింది మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, పెరుగు, ముళ్ళు తీసిన చేప రోజూ ఏదో ఒకటి పెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే ఎంత పెట్టాలో డాక్టరు చెప్పాలి. చీము పట్టేది క్రిముల వల్ల, కందిపప్పు వల్ల కాదు.

విరేచనం మూడో రోజు దాటకూడదు. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, ఐరన్, కాల్షియం మాత్రలు పేగును బిగిస్తాయి. తోటకూర, బొప్పాయి, అరటిపండుతో మొదలుపెట్టండి. ఇసబ్‌గోల్ వేస్తే పైన నీళ్ళు బాగా తాగాలి, లేకపోతే అదే గడ్డ కడుతుంది.

నొప్పులకు ఊళ్ళో వేయించే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నీళ్ళు సరిగా తాగని ముసలి ఒంట్లో అది కిడ్నీని దెబ్బతీస్తుంది. డాక్టరు రాసిన మందు వేళకు ఇస్తే చాలు. నొప్పి భరించలేని దాకా ఆగి ఇస్తే అది పట్టదు.

## 7. లేపడం, నిలబెట్టడం

లేవగలిగిన మనిషిని పడుకోబెట్టి ఉంచడం ప్రేమ కాదు. ఎముకల డాక్టరు సరేనన్న రోజు నుంచే లేపాలి.

పడుకునే చెయ్యాల్సింది: మెలకువగా ఉన్నంతసేపు గంటకు 10 సార్లు పాదం పైకి, కిందికి. మోకాలు కింద పరుపును నొక్కి 5 లెక్కపెట్టడం. గట్టిగా ఊపిరి తీసుకుని వదలడం.

లేపేటప్పుడు:

1. బ్యాగ్ ఖాళీ చేసి వాకర్ కింది కమ్మీకి తగిలించండి.
2. మంచం అంచున కాళ్ళు వేలాడేసి రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టండి. "కళ్ళు తిరుగుతున్నాయా అమ్మా?" అని అడగండి.
3. మంచాన్ని రెండు చేతులతో నొక్కి లేవాలి. వాకర్ పట్టుకుని లాక్కుంటూ లేస్తే వాకరే మీద పడుతుంది.
4. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు.
5. మీరు ఆపరేషన్ కాలు పక్కన, కొంచెం వెనకగా నిలబడండి. చంక కింద చెయ్యి వేసి లాగకండి.

చీర కుచ్చిళ్ళు, లుంగీ అంచు చీలమండ పైకి ఉండాలి. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి వెయ్యండి. వానాకాలంలో టైల్స్ నేల తుడిచాక పూర్తిగా ఆరేదాకా ఆగండి.

బాల్ వేసినవాళ్ళకు అదనంగా: తుంటి దగ్గర 90 డిగ్రీలకు మించి వంగకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. కింద పడ్డ కండువా వంగి తీసుకోబోయి కీలు జారిపోయినవాళ్ళు ఉన్నారు. ఎన్ని వారాలు అనేది సర్జన్ చెబుతారు. రాడ్డు వేసినవాళ్ళకు ఈ నియమాలు ఇంత కఠినంగా ఉండకపోవచ్చు, కానీ బరువు మోపే విషయంలో వాళ్ళకే ఆంక్షలు ఎక్కువ ఉండవచ్చు.

మన ఇళ్ళ అరుగు మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

## 8. పైపు తీశాక

ఉదయాన్నే తీయించుకోండి, ఏదైనా తేడా వస్తే పగలే తెలుస్తుంది. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో మూత్రం రావాలి. రాకపోయినా, కొంచెం కొంచెం కారుతూ కింది కడుపు గట్టిగా ఉన్నా వెనక్కి తీసుకెళ్ళాలి. ప్రోస్టేట్ వాపు ఉన్న మగవాళ్ళలో ఇది ఎక్కువ.

తర్వాత రెండు మూడు గంటలకోసారి, అడిగినా అడగకపోయినా కమోడ్ కుర్చీ మీద కూర్చోబెట్టండి. రాత్రి ఏడు తర్వాత నీళ్ళు తగ్గించండి, పగటి లెక్క మాత్రం తగ్గించకండి. రాత్రి లైటు వేసి ఉంచండి. రెండోసారి తుంటి విరిగేది చాలాసార్లు చీకట్లో మూత్రానికి లేచినప్పుడే.

డైపర్ మొదటి రోజు నుంచే అలవాటు చెయ్యకండి. వేసినా తడవగానే మార్చి, చర్మానికి జింక్ క్రీము పల్చగా రాయండి.

## 9. కొబ్బరి చెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతిన్నవాళ్ళకు

దింపు కార్మికుల ఇళ్ళలో ఈ అవసరం వస్తుంది. వయసులో ఉన్నవాళ్ళే, కాళ్ళు పడిపోయి, మూత్రం తెలియకుండా ఉంటారు. వీళ్ళకు ఎప్పటికీ పైపు ఉంచడం కంటే, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన పైపు పెట్టి మూత్రం తీసి, వెంటనే ఆ పైపును బయటికి తీసేసే పద్ధతి మేలు. చేతులు పనిచేస్తే వాళ్ళే నేర్చుకోవచ్చు. ఒక్కసారికి 400, 500 మిల్లీలీటర్లు మించి వస్తుంటే మధ్య గడువు తగ్గించాలి.

వెన్నులో దెబ్బ ఛాతీ మధ్య ఎత్తు నుంచి పైకి, మెడ వైపు తగిలినవాళ్ళకు ఒక హెచ్చరిక. ఉన్నట్టుండి తలనొప్పి, మొహం ఎర్రబడటం, చెమటలు, బీపీ విపరీతంగా పెరగడం కనబడితే వెంటనే కూర్చోబెట్టి, పైపు ఆగిందేమో చూడండి. నిండిన మూత్రాశయమే ఎక్కువసార్లు కారణం. అది ఖాళీ కాకపోతే ప్రాణం మీదికి వస్తుంది, 108కి ఫోన్ చెయ్యండి.

## 10. ఆగకుండా తీసుకెళ్ళాల్సిన లక్షణాలు

- చలితో వణుకుతూ జ్వరం
- నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడటం. గాలి సోకిందనో, చాదస్తమనో తాయెత్తు కట్టించేముందు మూత్రం, జ్వరం చూడండి.
- బ్యాగ్‌లో ఎర్రటి రక్తం లేదా గడ్డలు
- ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెట్టడం. దానికి ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే 108. ఆ కాలిని రుద్దకండి.
- ఆపరేషన్ కాలు పొట్టిగా అయిపోయి పక్కకు తిరగడం
- కుట్ల దగ్గర చీము, ఎరుపు పాకడం
- పిండికట్టు గానీ నాటుకట్టు గానీ వేసిన చోట వేళ్ళు చల్లబడటం, నీలంగా మారడం, మొద్దుబారడం, మందుకు తగ్గని నొప్పి. కట్టు వదులు చెయ్యమని వెంటనే అడగాలి.

## 11. లంక గ్రామాలవాళ్ళకు, వరదకు ముందు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మంచాన ఉన్న మనిషి ఇంట్లో ఉంటే మీ లెక్క మొదటి హెచ్చరికే. రెండోదాకా ఆగితే కాజ్‌వే మునిగి, 108 బండి గట్టు దగ్గరే ఆగిపోతుంది, పడవలో మంచంతో సహా దింపాల్సి వస్తుంది.

జూలై మొదట్లోనే ఒక సంచిలో ఇవి సర్ది పెట్టండి: 15 రోజుల మందులు, రెండు యూరిన్ బ్యాగ్‌లు, అదే సైజు పైపు ఒకటి, ప్లాస్టర్, సబ్బు, నూలు గుడ్డలు, ప్లాస్టిక్ కవర్లో డిశ్చార్జి కాగితాలు. ఊరి ఏఎన్ఎం, ఆశా కార్యకర్తకు "మా ఇంట్లో పైపు ఉన్న మనిషి ఉన్నారు" అని ముందే చెప్పి పెట్టండి. వాళ్ళ దగ్గర పేరుంటే పడవ ముందు మీ గుమ్మానికి పంపించమని అడిగేవాళ్ళు ఉంటారు. పడవ ఎక్కించేముందు బ్యాగ్ ఖాళీ చేసి కొత్తగా కొలత మొదలుపెట్టండి. పునరావాస కేంద్రంలో శుభ్రమైన నీళ్ళు దొరికేదాకా పైపు చోటు కడగడానికి కాచి చల్లార్చిన నీళ్ళు ఒక క్యాను విడిగా పట్టుకెళ్ళండి, వరద నీళ్ళు అక్కడ తగలనివ్వద్దు.